కందుల అర్రలో నాలుగు నెలలు

మా ఇంటి వెనక వాటాలో అద్దెకుంటున్న అమ్మాయికి టీబీ అని పోయిన వారం తేలింది. ఇక్కడే వికారాబాద్‌లో ఏదో ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసుకునే పిల్ల. ఆరోగ్య కార్యకర్త ఒకామె వచ్చి మాత్రల అట్టలు ఇచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే మా వీధి పెద్దమనుషులు నలుగురు, అందరూ బాగా చదువుకున్నవాళ్లే, మా వరండాలో కూర్చుని నేను కాచి ఇచ్చిన చాయ్ తాగి, చిన్నపిల్లలు తిరిగే వీధి కదా, ఆ అమ్మాయిని ఖాళీ చేయిస్తే అందరికీ మంచిదని ఎంతో మర్యాదగా చెప్పారు. అంతా విని నేను ఒకే మాట అన్నాను.

"నాక్కూడ గదే బీమారి ఉండె. మీరిప్పుడు తాగిన చాయ్ నా చేతిదే."

వాళ్లలో ఒకాయన కప్పును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కింద పెట్టి, జేబురుమాలుతో పెదవులు తుడుచుకున్నాడు. ఎనభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇక నాలో కోపమనేది ఏం మిగిలి ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను. ఆ అమ్మాయిని ఖాళీ చేయించలేదు గానీ, ఆ తుడుచుకోవడం చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. నా ఈడువాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకు ఇందులో సగం తెలిసిందే, మిగతా సగం వాళ్లు కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదే.

మాది పెద్దేముల్ దగ్గర ఒక ఊరు. కందులు, జొన్నలు పండే నేల, సొంత సేద్యం. సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన ఏడు మా చిన్నమ్మ, అంటే మమ్మల్ని కన్న మా అవ్వకు సొంత చెల్లెలు, ఈ రోగంతోనే పోయింది. ఊళ్లో తురకలు దాన్ని దిఖ్ అనేవారు, మావాళ్లు క్షయ అనేవారు, ఏ పేరుతో పిలిచినా గొంతు తగ్గించే అనేవారు. చేనుగట్టున గుడిసె వేసి ఆమెను అందులో ఉంచారు. హకీం ఇచ్చిన పొడులు వేశారు, మేకపాలు తాగించారు, మొక్కని దేవుడు లేడు. మా నాయిన రోజూ పొద్దున గుడిసె వాకిట్లో కూర్చుని ఆమెతో ముచ్చట పెట్టి గానీ నాగలి పట్టేవాడు కాదు. అయినా ఆమె పోయింది. ఆ చావుకు నేను ఏడ్చాను గానీ, ఈనాటికీ దాని గురించి నాకు ఎవరి మీదా కోపం లేదు. మందే లేని రోజులు, ఎవరిని అనగలం?

ఆమె పోయిన కొన్నేళ్లలోనే మందు మా దాకా వచ్చింది. ఎక్కడో దూరదేశంలో మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి తీశారట, స్ట్రెప్టోమైసిన్ అని పేరు. రబ్బరు మూత వేసిన చిన్న గాజుబుడ్డి, అడుగున ఇంత తెల్లటి పొడి, అందులోకి నీళ్లు ఎక్కించి కరిగించి సూదితో ఇచ్చేవారు. నాకు రోగం వచ్చేనాటికి ఆ బుడ్డి వికారాబాద్ గుట్ట మీది టీబీ ఆసుపత్రిలో అల్మారాల నిండా ఉంది. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో ఎంతసేపో మీకు తెలుసు, ఒక కునుకు తీసి లేచేసరికి వస్తుంది. ఆ కాస్త దూరం దాటడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నా కోపమంతా అక్కడే ఉంది.

నన్ను తాండూరులో ఇచ్చారు. రైతులు తెచ్చిన కందులు కాంటా పెట్టి అమ్మిపెట్టే అడ్తి దుకాణం మా అత్తవారిది, గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, పేరున్న దుకాణం. మామగారు అంతకుముందే పోయారు, ఇల్లూ దుకాణమూ రెండూ మా అత్త మాట మీదే నడిచేవి. మా ఆయన చెడ్డవాడని చెబితే అబద్ధమవుతుంది. మొదటి ఏడాది మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు పేపరు తెచ్చి, వంటింటి గడప మీద కూర్చుని నాకు వార్తలన్నీ చదివి వినిపించేవాడు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, ఆయన వేలు పెట్టి చూపిస్తూ చదవబట్టే ధారాళంగా చదవడం వచ్చింది. చల్లని నాపరాయి పరిచిన ఆ ఇంట్లో నేను సంతోషంగానే ఉన్నాను. ఇది కూడా చెప్పకపోతే తరవాతది ఎందుకంత మండించిందో మీకు తెలియదు.

బిడ్డ పుట్టి ఏడాది తిరగకముందే నాకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఎడతెగని దగ్గు పట్టుకున్నాయి. రవికలు వదులైపోయాయి. కార్తీకమాసంలో ఒక పొద్దున గిన్నెలు తోముతుంటే దగ్గు వచ్చి, తోమే బండ మీద నెత్తురు పడింది. అత్త చూసి, చెంబెడు నీళ్లు కుమ్మరించి కడిగేసింది. మధ్యాహ్నం ఊళ్లో డాక్టరును పిలిపించారు. ఆయన నా ఛాతీకి గొట్టం పెట్టి చూసి, వాకిట్లోకి వెళ్లి వాళ్లతో చెప్పింది తలుపు వెనక నుంచి నేను స్పష్టంగా విన్నాను. రేపే వికారాబాద్ తీసుకుపొండి, ఛాతీ ఫోటో తీస్తారు, ఇప్పుడు సూదిమందు ఉంది, మనుషులు బతుకుతున్నారు అని. అత్త ఆయనకు చాయ్ ఇచ్చి, దండం పెట్టి పంపించింది.

పంపించి వచ్చి మా ఆయనతో అన్నది, "పిల్ల లగ్గం అయినంక చూద్దాం. అప్పటిదాంక గీ ముచ్చట గడప దాటొద్దు."

పిల్ల అంటే మా ఆడబిడ్డ. సేడం నుంచి మంచి సంబంధం కుదిరింది, ఫాల్గుణంలో పెళ్లి. వదినెకు క్షయ అని తెలిస్తే ఆ సంబంధం నిలవదు. ఆ భయం ఉత్తది కాదని నాకూ తెలుసు. కానీ ఆ భయానికి మందు నా ఊపిరితిత్తి అని ఎవరు తేల్చారు? నన్ను అడిగారా? ఇంటి వెనక కందుల బస్తాలు నిల్వచేసే అర్ర ఒకటి ఉండేది, కిటికీ చేతి పొడుగు కూడా లేదు. అందులో నాకు మంచం వేసి, బయట గొళ్లెం పెట్టారు. పాలు మరవని బిడ్డను తీసుకుపోయారు. బిడ్డను దూరంగా ఉంచడం న్యాయమే, తరవాత ఆసుపత్రిలోనూ అదే చెప్పారు, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. మిగతా దేనికీ క్షమాపణ లేదు.

మార్గశిరం పోయింది, పుష్యం వచ్చింది, కొత్తపంట రావడం మొదలైంది. బస్తా మీద బస్తా చేరి నా మంచం చుట్టూ గోడలాగా లేచింది. ఆ కందుల దుమ్ముకు దగ్గు ఇంకా ముదిరింది. దగ్గు వచ్చినప్పుడు వాకిట్లో ఎవరైనా పరాయివాళ్లుంటే నోట్లో కొంగు కుక్కుకోవాలి, అది మా అత్త పెట్టిన షరతు. మా ఆయన అన్నం పళ్లెం గడప అవతల పెట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయేవాడు. ఒకసారి పేపరు చదవమని అడిగాను. వినపడనట్టే వెళ్లాడు.

మాఘంలో మా అన్న మా చేని కందులు బండి మీద గంజ్‌కు తెచ్చి, నన్ను చూసిపోదామని ఇంటికి వచ్చాడు. నేను చుట్టాలింటికి పోయానని చెప్పారు. నీళ్లు తాగి లేవబోతుండగా నాకు దగ్గు ఆగలేదు. కొంగు కుక్కుకున్నా ఆగలేదు.

"ఎవరు దగ్గుతున్నది?" అన్నాడు అన్న.

"పనిమనిషి," అంది అత్త.

"మా చెల్లె దగ్గు లెక్కనే ఉన్నదే పనిమనిషి దగ్గు," అంటూ అన్న నేరుగా వెనక్కి వచ్చాడు. గొళ్లెం తీసి, బస్తాలు అడ్డం ఉంటే ఒక్కొక్కటీ పట్టి పక్కకు దొర్లించాడు. నన్ను చూశాడు. చిన్నమ్మను మోసిన నలుగురిలో తనూ ఒకడు. అప్పటికి తనకు పదహారేళ్లు. ఆ మొహం తనకు తెలిసిన మొహమే.

మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "లగ్గం అయినంక తీస్కపోదమనుకున్నం బావా," అన్నాడు.

"అప్పటిదాంక బతుకుతదని నీకెవరు చెప్పిండ్రు?" అని, అన్న నన్ను చేతుల మీద ఎత్తుకుని, కందులు దించిన బండి మీదే పడుకోబెట్టి స్టేషనుకు తోలాడు. వెనక నుంచి మా అత్త, వీధి వైపు పోవద్దు, వెనక బాట పట్టి పొమ్మని అరుస్తూనే ఉంది. అన్న వీధి వైపే తోలాడు.

గుట్ట మీది ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నా ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. దగ్గు మొదలై ఎంతకాలమని అడిగాడు, రక్తం ఎప్పుడు పడిందని అడిగాడు. కార్తీకం అని చెప్పాను. ఆయన సౌమ్యుడు, గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదంటారు. ఆ రోజు మాత్రం మా అన్న మీద విరుచుకుపడ్డాడు, అప్పుడే తెచ్చి ఉంటే ఎడమ ఊపిరితిత్తి ఇట్లా అయ్యేది కాదు అని. అన్న తలవంచుకుని ఆ తిట్లన్నీ తన మీదే వేసుకున్నాడు. ఆయన తిట్టవలసినవాళ్లు ఆ గదిలో లేరు.

ఏడాదిన్నర ఉన్నాను అక్కడ. రోజూ నడుము కింద సూది, కూర్చోలేక పక్కకు వాలి తినేవాళ్లం. పాస్ అని ఇంకో మందు, గుప్పెడు గుప్పెడు మింగాలి, కడుపులో తిప్పి వాంతులు. తరవాత కొంచెం చిన్న మాత్ర కూడా కలిపారు. సూదిమందుకు నా కుడిచెవిలో హోరు మొదలై, ఆ చెవి అట్లాగే పోయింది. దానికి నేను ఎప్పుడూ బాధపడలేదు. ప్రతి సోమవారం కాంటా మీద నిలబెట్టి బరువు చూసేవారు. అడ్తి ఇంటి కోడలిని కదా, నన్ను కూడా బస్తాలాగా తూస్తున్నారని నవ్వుకునేవాళ్లం.

నవ్వుకునేవాళ్లం అన్నాను కదా, ఆ నవ్వించేది నా పక్కమంచం తురకల అక్క, ఆపా అని పిలిచేవాళ్లం. తాండూరు గనుల్లో బండలు చెక్కే మనిషి భార్య. ఆమె భర్త ప్రతి శుక్రవారం రైలెక్కి, గుట్ట ఎక్కి వచ్చేవాడు. చేతులు, కనుబొమలు తెల్లటి రాతిదుమ్ముతో ఉండేవి, నమాజు చేసుకుని అట్లాగే వచ్చేవాడు కాబోలు. డాక్టరు చెప్పినంత దూరంలో కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పి వెళ్లేవాడు. ఆమె తెమడలో ఇక క్రిములు లేవని వరసగా మూడు పరీక్షల్లో తేలిన వారం, డాక్టరును అడిగి మరీ, ఆమె పళ్లెంలోనే కూర్చుని అన్నం తిన్నాడు. వార్డంతా చూసింది. పన్నెండు మంచాల ఆడవాళ్లం అందరం మెతుకులు మింగుతున్న ఆ మనిషి గొంతు వైపే చూశాం.

మా ఆయన ఆ ఏడాదిన్నరలో వచ్చింది ఒక్కసారి. వార్డు తలుపు దగ్గరే నిలబడి, ఒంట్లో ఎట్లా ఉందని అడిగి, చెల్లెలి పెళ్లి అయిపోయిందని, బిడ్డ బాగుందని చెప్పి, బండికి టైమయిందని పోయాడు. తరవాత కొన్నాళ్లకు ఒక శుక్రవారం ఆపా భర్త వచ్చి వెళ్లాక, ఆపా నా మంచం మీదికి వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"నీకు చెప్పొద్దని ఆయన మూడు వారాల సంది కడుపుల పెట్టుకున్నడు చెల్లె. మీ ఆయన మళ్ల షాదీ చేస్కున్నడట. బాజా మా గల్లీల నుంచే పోయిందట."

నేను ఏడుస్తానని ఆమె భయపడింది. "నక్కో, ఏడ్వకు, దగ్గొస్తది," అంటూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. నా తెమడ అప్పటికి శుభ్రమై రెండు నెలలు. నేను బతుకుతున్నానని ఆసుపత్రి నుంచి మా అత్తవారింటికి కార్డు రాశారు, ఆ కార్డు అందాకే పెళ్లి చేశారు. చస్తానని చేసుకుంటే ఒక తీరు. బతుకుతానని తెలిసి చేసుకున్నారు.

ఆసుపత్రి నుంచి పంపించిన రోజున, డాక్టరు సంతకం పెట్టిన కాగితం, ఎక్స్‌రే పట్టుకుని, అన్నను వెంటబెట్టుకుని నేరుగా తాండూరు పోయాను. మొగుడు నాకు అక్కర్లేదని దారిలోనే అన్నకు చెప్పేశాను, బిడ్డ కావాలి. అత్త గడపలో అడ్డంగా నిలబడింది. కాగితం చూడనైనా చూడలేదు.

"నీ బిడ్డకు తల్లి సచ్చిందని చెప్పినం. ఇప్పుడు దయ్యం లెక్క వచ్చి నిలబడితే అది జడుసుకుంటది, పో."

ఆ మాటకు అన్న చెయ్యి లేచింది, నేనే పట్టుకుని ఆపాను. ఎందుకో ఆ క్షణంలో నా బుర్ర చాలా చల్లగా పనిచేసింది. వీళ్లు దేనికి భయపడి నన్ను నాలుగు నెలలు దాచారు? నలుగురికి తెలుస్తుందని. సరే, తెలియనీ.

ఆ వచ్చిన సంతరోజున పొద్దున్నే గంజ్‌కు పోయి, వాళ్ల దుకాణం ముందు కాంటా పక్కన ఉన్న బండ మీద కూర్చున్నాను. కందులు తెచ్చిన ప్రతి రైతుకూ నా ఎక్స్‌రే ఎండకు పట్టి చూపించాను. "నేను వీళ్ల కోడల్ని. నాకు టీబీ వచ్చింది, సూదిమందుకు తగ్గింది, ఇగో డాక్టరు కాయిదం. నా బిడ్డను నాకిస్తలేరు." ఇంతకుమించి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు, వచ్చినవాడికల్లా అదే చెప్పాను. మనుషులు గుమిగూడారు, కొందరు నవ్వారు, కొందరు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని బండ్లు పక్క దుకాణానికి తోలుకుపోయారు.

మా ఆయన బయటికి వచ్చి, పళ్లు బిగించి మెల్లగా అన్నాడు, "ఇజ్జత్ తీస్తున్నవు గదా."

"ఇజ్జత్ కోసమే గదా నన్ను కందుల నడుమ పెట్టిండ్రు. మంచిగ చూస్కోండ్రి దాన్ని," అన్నాను. అంత గట్టిగా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. నాకే నా గొంతు కొత్తగా వినిపించింది.

రెండో సంతకూ పోయాను. ఆ రోజు నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఒక ముసలి రైతు నా ముందు గొంతుకూర్చుని, ఎక్స్‌రే అటూ ఇటూ తిప్పి చూసి, చుట్టూ ఒకసారి చూసుకుని, "ఆ సూది ఏడ ఇస్తరు బిడ్డా? మా కోడలు గిట్లనే దగ్గుతది," అన్నాడు. చెప్పాను. గుట్ట మీద, ఫలానా రైలు, దిగి ఇట్లా పోవాలి అని. ఆయన వెనకే ఇంకొకడు. తరవాత చెరగు కప్పుకుని ఒక ఆడమనిషి. సాయంత్రానికి నా కోపం సంగతి నేనే కాసేపు మరిచిపోయి, దారులు చెబుతూ కూర్చున్నాను.

మూడో సంతనాడు మా ఆయనే బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. బండ మీద నా పక్కన కూర్చోబెట్టి, తిరిగి దుకాణంలోకి పోయాడు. ఇంట్లో ఏం గొడవ జరిగిందో నాకు తెలియదు. కొత్తగా వచ్చిన ఆ పిల్లే, ఎవరి బిడ్డను వాళ్లకు ఇయ్యకుంటే నేనిక్కడ ఉండనని అన్నం మానేసిందని చాలా ఏళ్లకు ఎవరో చెప్పారు. నిజమో కాదో. ఆమెను నేను ఎన్నడూ చూడలేదు.

ఏడాదిన్నరపాటు మంచం మీద పడుకుని ఆ క్షణాన్ని ఎన్ని తీరుల ఊహించుకున్నానో. నా బిడ్డ నన్ను చూసి కెవ్వున కేకపెట్టింది. ఎత్తుకోబోతే చేతిని కొరికింది. దుకాణం వైపు చేతులు చాచి, గొంతు పోయేదాకా ఏడ్చింది. ఆ తరవాత దాదాపు ఏడాది మా అవ్వ దగ్గరే పడుకునేది, నేను పక్కన పడుకుంటే లేచి పోయేది. తల్లి చచ్చిందని చెప్పిన పిల్లకు, ఈ మనిషి ఎవరో ఎట్లా తెలుస్తుంది? ఊపిరితిత్తికి సూది కనిపెట్టినవాళ్లు దీనికేమీ కనిపెట్టలేదు.

గుట్ట మీది ఆసుపత్రిలోనే ఆయాగా చేరాను. పనిచూసి పెద్ద డాక్టరే సూదివేయడం నేర్పించారు. పందొమ్మిది వందల అరవైలలో, రోగులు ఇళ్ల దగ్గరే మందు వాడవచ్చని పద్ధతి మారాక, సంచీ భుజాన వేసుకుని పెద్దేముల్ వైపు ఊళ్లన్నీ తిరిగాను. మంచి ఇళ్లలోనే వెనక అర్రలు ఎక్కువ చూశాను. పేదిళ్లలో దాచడానికి రెండో గది ఉండేది కాదు. ఆ అర్రల తలుపులు నేను మర్యాదగా కొట్టలేదు. నా నోటికి భయపడి నన్ను ఊళ్లలో పిలిచిన పేర్లు ఇక్కడ రాయలేను. అయితేనేం, ఆ పేర్లు పెట్టినవాళ్ల కోడళ్లు కొందరు ఇప్పుడు మునిమనవళ్లను ఎత్తుకుంటున్నారు.

మా ఆయన పోయినప్పుడు కబురు వచ్చింది. నేను పోలేదు. నా బిడ్డ పోయి వచ్చింది, పోవద్దని నేను అనలేదు. ఈ వయసులోనైనా క్షమించకూడదా అని అది అప్పుడప్పుడు అడుగుతుంది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన ఆ బిడ్డకు నేను చెప్పేది ఇదే. రోగాన్ని క్షమించాను. చెవి తీసుకున్న మందును క్షమించాను. రైలు దూరంలో మందు ఉండగా నన్ను లోపల పెట్టి గొళ్లెం పెట్టిన చేతిని క్షమించడం నాకు చేతకాలేదు, రాదు కూడా.

ఇప్పుడు ఏడాదిన్నర ఆసుపత్రి లేదు, రోజూ సూదులు లేవు, ఆరు నెలలు ఇంట్లోనే నాలుగు మాత్రలు మింగితే చాలట. ఎంత మంచికాలం! మళ్లీ ఆ కాలం రావాలని కలలో కూడా కోరుకోను. కానీ ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ వార్డులో మేం పన్నెండుమందిమి, హిందువులం, తురకలం, భూములున్నవాళ్లం, లేనివాళ్లం, ఎవరి ఇంటి నుంచి ఎవరూ రాకపోయినా, పొద్దున లేవగానే పక్కమంచం వైపు చూసి, ఇవాళ జ్వరం ఎంత అని అడిగేవాళ్లం. అడిగేవాళ్లు ఉండేవారు. ఇవాళ రోగం చిన్నదైపోయింది కాబట్టి ప్రతివాళ్లూ ఎవరి గదిలో వాళ్లు, తలుపు వేసుకుని, మాత్రల అట్ట దిండు కింద దాచుకుని, ఒక్కళ్లే నయమవుతున్నారు. ఆ ఆరు నెలలూ పక్కన కూర్చుని, ఇవాళ ఎట్లుంది అని ఎవరు అడుగుతున్నారో నాకైతే తెలియదు.